ముందు వాళ్ళ పని నేర్చుకోండి, తర్వాత ఇంగ్లీషు నేర్పండి

పోయిన నెల ఈ శీర్షికలో ఉద్యోగాల్లో వాడే ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు రాశాను. ఆ తర్వాత ఒంగోలు, కావలి, చీమకుర్తి, నెల్లూరు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. సగానికి పైగా టీచర్లవే. నేను ఒంగోలులో ఉంటూ ఇరవై రెండేళ్ళుగా గ్రానైట్ ఆఫీసుల్లో, రొయ్యల కంపెనీల్లో, పొగాకు వ్యాపారుల దగ్గర పనిచేసే పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెబుతున్నాను. నేను చూసింది, చేసి తెలుసుకున్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు చదివి ఆరేళ్ళుగా ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. మా ఊరి దగ్గరున్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు వాళ్ళు తమ ఆఫీసు స్టాఫ్‌కి మూడు నెలలు బిజినెస్ ఇంగ్లీషు చెప్పమని అడిగారు. నాకు వ్యాపారం గురించి ఏమీ తెలియదు. ఎంబీఏ చదవలేదు. ఒప్పుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? — ఒక టీచర్, కావలి

జవాబు: ఒప్పుకోమ్మా. నీకు వ్యాపారం తెలియకపోవడం పెద్ద లోటు కాదు. తెలుసుకోవాలని లేకపోతేనే లోటు. ఈ మాట నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

నా మొదటి క్లాసు చీమకుర్తిలో, ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో. మొదటి రోజు పద్దెనిమిది మంది వచ్చారు. నేను లావుపాటి గ్రామర్ పుస్తకం పట్టుకెళ్ళి టెన్సులు మొదలుపెట్టాను. బోర్డు నిండా పట్టికలు గీశాను. రెండో వారానికి ఐదుగురు మిగిలారు. ఆ ఐదుగురిలో ఒకాయన లోడింగ్ చూసే సూపర్‌వైజరు, యాభై దాటిన మనిషి. క్లాసు అయ్యాక ఆగి, చాలా మర్యాదగా అన్నాడు: "మేడమ్, మీరు చెప్పేది బాగానే ఉంది. కానీ ఇటలీ నుంచి ఫోనొస్తే ఈ టెన్సులన్నీ నేనెట్టా చెప్పేది? వాడు రాయిలో ఉండేది గీతా, బీటా అని అడుగుతాడు. దానికి ఏం చెప్పాలో అది నేర్పించండి."

నాకు గీతకీ బీటకీ తేడా తెలియదు. తెలుగులోనే తెలియదు. ఇంక ఇంగ్లీషులో ఏం నేర్పుతాను?

మర్నాడు ఆయనతో పాటు యార్డుకి వెళ్ళాను. నల్లరాయిలో తెల్లటి గీత కనబడితే అది రాయి పుట్టుకతో వచ్చిన రంగు తేడా. చూడ్డానికి బాగుండదు, ధర తగ్గుతుంది, అంతే. బీట అంటే పగులు. పాలిష్ చేసేటప్పుడో, ఓడలోనో, అవతలి ఊళ్ళో వంటగది బల్లకి కోసేటప్పుడో పలక రెండు ముక్కలవుతుంది. ఫోనులో 'లైన్' అనాల్సిన చోట 'క్రాక్' అంటే కొనేవాడు బెదిరిపోతాడు. 'క్రాక్' అనాల్సిన చోట 'లైన్' అంటే రేపు గొడవవుతుంది. ఈ రెండు మాటల మధ్య లక్షల రూపాయలున్నాయి. ఆయన నీళ్ళు చల్లి, రాయి ఆరేటప్పుడు తడి ఎక్కడ నిలిచిందో చూపించి, బీటని ఎలా పట్టాలో నేర్పాడు. నేను దానికి సరిపోయే ఇంగ్లీషు వెతికి ఇచ్చాను. ఆయనకి రాయి తెలుసు, నాకు భాష తెలుసు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నా క్లాసులన్నీ ఇలాగే నడుస్తున్నాయి.

మూడో వారానికి పన్నెండు మంది తిరిగొచ్చారు. ఇంకో సంగతి చెప్పాలి. గ్రామర్ ఎక్కడికీ పోలేదు. నెల తిరిగేసరికి ఆ సూపర్‌వైజరే 'వి షిప్', 'వి హావ్ షిప్డ్', 'వి విల్ షిప్' ఈ మూడింటికీ తేడా ఏమిటని అడిగాడు. సరుకు పోయిందా, పోతుందా అన్నది ఆయనకి డబ్బుతో ముడిపడిన విషయం మరి. పట్టిక గీసినప్పుడు ఎక్కనిది అప్పుడు పది నిమిషాల్లో ఎక్కింది.

ఇక నీ సంగతికి వద్దాం. క్లాసు మొదలుపెట్టే ముందు రెండు రోజులు ప్లాంటులో తిరగడానికి అనుమతి అడుగు. ఇది నీ పనిలో భాగమే, దానికి కూడా ఫీజు అడగొచ్చు. ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి తెలుగులోనే మాట్లాడు. ఇంగ్లీషులో ఎవరితో మాట్లాడతారు? ఫోనులోనా, మెయిల్లోనా, వాట్సాప్‌లోనా? రోజుకి ఎన్నిసార్లు? ఈమధ్య ఎక్కడ ఇబ్బంది పడ్డారు? ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబుల్లోనే నీ మూడు నెలల పాఠాలన్నీ ఉంటాయి. పేర్లు, ధరలు కొట్టేసి ఓ పది పాత మెయిల్స్ ఇవ్వమని అడుగు. బజార్లో దొరికే ఏ పుస్తకమూ వాటికి సాటి రాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మన చెరువుల దగ్గర 'నలభై కౌంట్' అంటే కిలోకి నలభై రొయ్యలు తూగుతాయని. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. అది కావలిలో పుట్టిన దానివి కాబట్టి నీకూ తెలిసే ఉంటుంది. కానీ తల తీసి, ప్యాక్ చేసి అమెరికాకి పంపేటప్పుడు పెట్టె మీద '16/20', '21/25' అని రాస్తారు. అది పౌనుకి లెక్క. పౌనంటే సుమారు 454 గ్రాములు. చెరువు గట్టు మీద ఒక లెక్క, పెట్టె మీద ఇంకో లెక్క. ఈ రెండింటినీ అవతలివాడికి ఇంగ్లీషులో విడమరిచి చెప్పగలగడం ఆ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి కావలసిన పాఠం. గ్లేజింగ్ అంటే రొయ్య మీద పట్టించే పల్చటి మంచు పొర. దాని బరువు తీసేసి నికర బరువు చెప్పాలా, కలిపి చెప్పాలా అన్న దాని మీద ఎన్ని ఉత్తరాలు నడుస్తాయో నువ్వే చూస్తావు.

వారానికి రెండు రోజులు, రోజుకి గంటన్నర అనుకుంటే మూడు నెలల్లో నీకు దొరికేది 36 గంటలు. 36 గంటల్లో ఇంగ్లీషు మొత్తం నేర్పుతానని ఎవరికీ మాటివ్వకు. ఫిర్యాదు మెయిల్ వస్తే జవాబు రాయడం, సరుకు ఆలస్యమవుతుందని ముందే చెప్పడం, ఫోనులో అర్థం కానప్పుడు సిగ్గుపడకుండా మళ్ళీ అడగడం, ఈ మూడూ నేర్పగలిగితే నీ పని బాగా చేసినట్టే. మూడోదాన్ని తక్కువ చేయకు. మనవాళ్ళు అర్థం కాకపోయినా 'ఓకే సర్, ఓకే సర్' అని ఫోను పెట్టేస్తారు. నష్టాలు చాలావరకు ఆ 'ఓకే'ల్లోనే పుడతాయి.

క్లాసులో నువ్వు ఎప్పుడూ టీచర్‌గానే ఉండకూడదు. కొన్ని రోజులు నువ్వే కోపిష్టి కొనుగోలుదారువి కావాలి. ఇద్దరు వీపుకి వీపు ఆనించి కూర్చుని ఫోనులో మాట్లాడినట్టు మాట్లాడాలి, ఎందుకంటే ఫోనులో ముఖం కనబడదు, చేతులు ఊపితే అర్థం కాదు. ఇంకొన్ని రోజులు వాళ్ళు నిజంగా ఫోను మాట్లాడుతుంటే పక్కన మౌనంగా కూర్చుని రాసుకోవాలి. నాకు అన్నిటికంటే కష్టమైనది ఆ మౌనమే. మనం అందించబోయే మాట కోసం వాళ్ళు మనవైపు చూస్తారు. అందించకూడదు.

ప్రశ్న: చీమకుర్తిలో ఎగుమతి ఆఫీసులో డాక్యుమెంట్లు చూస్తాను. కొనేవాళ్ళ మనిషి ఫోన్ చేసి 'సో, యూ హావెంట్ లోడెడ్ ఇట్ యెట్?' అన్నాడు. నేను 'యెస్ సర్' అన్నాను. లోడ్ అయిందనుకుని వాళ్ళు అక్కడ ఏర్పాట్లు చేసుకున్నారు. మర్నాడు పెద్ద గొడవైంది. నేను చెప్పింది నిజమే కదా, ఎక్కడ పొరపాటు జరిగింది? — ఒక ఉద్యోగి, చీమకుర్తి

జవాబు: బాబూ, నువ్వు తెలుగులో నిజం చెప్పావు, ఇంగ్లీషులో అబద్ధమైపోయింది. ఇందులో నీ తెలివితక్కువతనం ఏమీ లేదు.

'అంటే ఇంకా లోడ్ చేయలేదన్నమాట' అని మనల్ని ఎవరైనా అంటే 'అవునండీ' అంటాం. అంటే 'మీరన్నది నిజం, చేయలేదు' అని. మన 'అవును' అవతలి మనిషి మాటతో ఏకీభవిస్తుంది. ఇంగ్లీషు 'యెస్' అలా కాదు. అది జరిగిన పనిని పట్టుకుంటుంది. పని జరిగితే 'యెస్', జరగకపోతే 'నో'. అతను ఎలా అడిగాడన్నది దానికి అక్కర్లేదు. కాబట్టి అక్కడ 'నో, వి హావెంట్' అనాలి.

నా క్లాసుల్లో నేను పెట్టే నియమం ఒకటుంది. 'యెస్', 'నో' ఒంటరిగా అనకూడదు. వెనకాల పూర్తి వాక్యం ఉండాలి. 'వి హావెంట్ లోడెడ్ ఇట్. వి విల్ లోడ్ ఇట్ ఆన్ థర్స్‌డే.' ముందు 'యెస్' అని పొరపాటున జారినా వెనకొచ్చిన వాక్యం కాపాడుతుంది. ఫోను పెట్టేశాక అదే మాట వాట్సాప్‌లో రాసి పంపాలి.

ఇలాంటివే ఇంకొన్ని గుంటలు నీ దారిలో ఉన్నాయి, ఇప్పుడే చెబుతాను. '04/07' అని రాస్తే మనకి జులై 4. అమెరికా వాడికి ఏప్రిల్ 7. నెల పేరు అక్షరాల్లో రాయి. మనం 1,50,000 అని కామా పెట్టేది వాళ్ళు 150,000 అని పెడతారు. లక్ష అన్న మాట వాళ్ళకి తెలియదు. ఇటలీ వాళ్ళకైతే చుక్క, కామా రెండూ మనకి తిరగబడి ఉంటాయి. వాళ్ళు 1.500 అని రాస్తే ఒకటిన్నర కాదు, వెయ్యిన్ని ఐదు వందలు. ఫోనులో థర్టీన్, థర్టీ రెండూ ఒకేలా వినబడతాయి. 'థర్టీన్, వన్ త్రీ' అని అంకెలు విడదీసి చెప్పు. ధర చెప్పేటప్పుడు అలా చెప్పడం చిన్నతనం అనుకోకు, విమానాలు నడిపేవాళ్ళు కూడా అంకెలు విడివిడిగానే చెబుతారు.

నువ్వు డాక్యుమెంట్లు చూస్తావు కాబట్టి ఇంకొక్క మాట. లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్.సి., అంటే డబ్బు కడతామని కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) మీద డబ్బు రావాలంటే బ్యాంకు సరుకు చూడదు, కాగితాలే చూస్తుంది. ప్రపంచమంతా బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. అవి 2007 జులై నుంచి అమల్లో ఉన్నాయి. రాయి ఎంత మంచిదైనా, ఇన్వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్.సి.లో ఉన్నదానితో సరిపోకపోతే డబ్బు ఆగుతుంది. అక్కడ నీ సొంత ఇంగ్లీషు అవసరం లేదు. వాళ్ళు ఏ మాట రాస్తే ఆ మాటే, వాళ్ళు తప్పు స్పెల్లింగ్ రాసినా సరే, ముందు సవరణ అడుగు, నీ అంతట నువ్వు దిద్దకు. ఇంగ్లీషు టీచర్ ఇలా చెప్పడం వింతగా అనిపించొచ్చు. ఎక్కడ దిద్దాలో ఎక్కడ దిద్దకూడదో చెప్పడం కూడా మా పనే.

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్ళు. నెల్లూరులో ఒక కంపెనీలో ఇంగ్లీషు క్లాసు చెబుతున్నాను. మా నాన్నగారి వయసున్న మేనేజర్ గారు కూడా వస్తారు. ఆయన తప్పులు దిద్దితే ముఖం మాడ్చుకుంటారు. దిద్దకపోతే ఆయన మారరు. రెండు వారాలుగా ఆయన అసలు నోరు విప్పడం లేదు. — ఒక ట్రైనర్, నెల్లూరు

జవాబు: ఆయన కింద పనిచేసే పిల్లల ముందు ఆయన్ని దిద్దారా? ఉత్తరంలో రాయలేదు గానీ దిద్దే ఉంటారనిపిస్తోంది.

ఆయన పాతికేళ్ళు ఆ కంపెనీని మోసిన మనిషి. ఆయన మాటకి అక్కడ ఒక బరువుంది. ఆ గదిలో మీ ముందు కూర్చున్నప్పుడు ఆయన ఆ బరువునంతా పక్కన పెట్టి వచ్చారు. అది చిన్న సంగతి కాదు. నలుగురిలో 'సర్, హీ డోంట్ కాదు, హీ డజంట్' అన్నారంటే, మీకు అది ఒక అక్షరం తేడా, ఆయనకి రేపు ఆ నలుగురికీ పని చెప్పాల్సిన నోరు.

పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు నేను మాట మధ్యలో ఎప్పుడూ ఆపను. ఒక చిన్న నోటు పుస్తకంలో ఎడమవైపు వాళ్ళన్నది, కుడివైపు అనాల్సింది రాసుకుంటాను. క్లాసు చివర పది నిమిషాలు, ఎవరన్నారో చెప్పకుండా బోర్డు మీద ఐదారు వాక్యాలు రాసి, వీటిని బాగుచేద్దామా అని అందరినీ అడుగుతాను. ఎవరి తప్పు వాళ్ళకి తెలుస్తుంది, పక్కవాళ్ళకి తెలియదు. మరీ సొంతమైనవి ఉంటే కాగితం మీద రాసి మడిచి ఇస్తాను. అర్థం మారిపోయే తప్పు, డబ్బు పోయే తప్పు అయితే తప్ప అన్నీ దిద్దను. యాసని అసలు దిద్దను, ఎదుటివాడికి అర్థం కానప్పుడు తప్ప.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. ఆయన్ని విడిగా కలవండి. క్షమించమని అడగండి, అందులో మీకు పోయేదేమీ లేదు. ఆ తర్వాత ఆయనకి మాత్రమే తెలిసిన విషయం ఒకటి అడగండి. ధర బేరం ఎలా చేస్తారు, పాత బాకీ ఎలా రాబడతారు, కొత్త కొనుగోలుదారుని ఎలా నమ్ముతారు అని. తర్వాతి క్లాసులో దాని గురించి పిల్లలకి ఐదు నిమిషాలు చెప్పమనండి, ఎన్ని తప్పులొచ్చినా సరే, సగం తెలుగు కలిసినా సరే. ఆ గదిలో ఆయన విద్యార్థి మాత్రమే కాదని అందరికీ, ముఖ్యంగా ఆయనకి, తెలియాలి. నేను ఇలా ముగ్గురు నలుగురి విషయంలో చేశాను. ఒకాయన మాత్రం మళ్ళీ రాలేదు. ఆయన విషయంలో నేను ఆలస్యం చేశాను, అది నాకు ఇప్పటికీ బాధే.

ప్రశ్న: 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అని రాయకూడదంటారు. మా సార్లందరూ అలాగే రాస్తారు. 'రెస్పెక్టెడ్ సర్' కూడా తప్పేనా? మర్యాద లేకుండా రాయడం నాకు ఇష్టం లేదు. — ఒక అమ్మాయి, సింగరాయకొండ

జవాబు: నీ ఆఖరి వాక్యం నాకు చాలా నచ్చింది తల్లీ. మర్యాద వదులుకోమని ఎవరు చెప్పినా వినకు.

'డూ ద నీడ్‌ఫుల్' తప్పు ఇంగ్లీషు కాదు. ఒకప్పుడు ఇంగ్లండులోనూ రాసేవారు, అక్కడ పాతబడిపోయింది, మన ఆఫీసుల్లో నిలిచిపోయింది. మన దేశంలో మనకి మనం రాసుకుంటే అందరికీ అర్థమవుతుంది. దాంతో నాకున్న పేచీ వేరే. 'తగిన చర్య తీసుకోండి' అన్నాక ఆ తగినది ఏమిటో అవతలివాడే కనిపెట్టుకోవాలి. నీకు కావలసింది సవరించిన ఇన్వాయిసా, సంతకమా, డబ్బా? అది రాసెయ్యి. ఎప్పటిలోగా కావాలో కూడా రాయి.

ఇక మర్యాద. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. పంపు, పంపండి, పంపిస్తారా, కాస్త పంపించగలరా. 'నువ్వు', 'మీరు' వేరు. పైగా 'అండీ' ఉండనే ఉంది. ఇంగ్లీషుకి వెళ్ళేసరికి 'యూ' ఒక్కటే, 'సెండ్' ఒక్కటే. మన 'అండీ' పెట్టుకోవడానికి చోటు కనబడక మనవాళ్ళు రెండు వైపులకీ పోతారు. కొందరు 'సెండ్ ద పేమెంట్ ఇమీడియట్‌లీ' అని హుకుం జారీ చేసినట్టు రాస్తారు, మనసులో అలాంటి ఉద్దేశమే ఉండదు. ఇంకొందరు 'రెస్పెక్టెడ్ సర్, ఐ హంబ్లీ రిక్వెస్ట్ యూ టు కైండ్‌లీ' అని కాళ్ళ మీద పడ్డట్టు రాస్తారు. కొనేవాడితో అంత వంగి మాట్లాడితే రేపు ధర దగ్గర నిలబడటం కష్టం.

ఇంగ్లీషులో ఆ 'అండీ' ఉండే చోటు ప్రశ్న. 'కుడ్ యూ సెండ్ అజ్ ద పేమెంట్ బై ఫ్రైడే?' అంటే చాలు. 'సెండ్'ని ప్రశ్నగా మారిస్తే 'పంపించగలరా' అయిపోయింది. క్లాసులో నేను ముందు తెలుగులో మొదలుపెడతాను. అప్పిచ్చిన డబ్బు తిరిగి అడగాలి, తమ్ముణ్ణి ఎలా అడుగుతావు, మామయ్యని ఎలా అడుగుతావు, కొత్తగా పరిచయమైన పెద్దమనిషిని ఎలా అడుగుతావు? మన జిల్లాల్లో ఏ ఆడపిల్లకైనా ఈ మూడూ నోటికి వచ్చు. మర్యాదలో మెట్లుంటాయని మీకు ముందే తెలుసు. నేను చూపించేది ఆ మెట్లు ఇంగ్లీషులో ఎక్కడ ఉన్నాయో అంతే. పేరు తెలిసినవాళ్ళకి 'డియర్' అని పేరు రాయి. తెలియకపోతే 'డియర్ సర్ ఆర్ మేడమ్'. బడికి సెలవు చీటీలో 'రెస్పెక్టెడ్ సర్' ఉండనీ.

తెలుగు తెలిసిన టీచర్ విలువ నాకు ఇలాంటి చోటే తెలుస్తుంది. మన పిల్లలు ఎక్కడ, ఎందుకు తడబడతారో లోపలి నుంచి తెలియాలి.

ప్రశ్న: నేను క్లాసు చెప్పే కంపెనీ యజమాని, ఎవరు బాగా నేర్చుకుంటున్నారు, ఎవరు పనికిరారు అని రహస్యంగా రిపోర్టు ఇవ్వమంటున్నారు. పైగా ముఖ్యమైన మెయిల్స్ నన్నే రాసిపెట్టమంటున్నారు. ఫీజు ఇచ్చేది ఆయనే. కాదనగలనా? — ఒక టీచర్, కందుకూరు

జవాబు: రహస్య రిపోర్టు ఇవ్వకండి. ఒక్కసారి ఇచ్చారని తెలిస్తే ఆ గదిలో ఇంకెవరూ తప్పు మాట్లాడటానికి సాహసించరు. తప్పు మాట్లాడకుండా ఎవరూ నేర్చుకోలేరు. ఎన్ని క్లాసులకి వచ్చారు, మొదటి రోజు ఏం రాయగలిగారు, ఇప్పుడు ఏం రాయగలుగుతున్నారు, ఇవి రాసివ్వచ్చు. అది కూడా ఆ మనిషికి ముందు చూపించి ఇవ్వండి. ఈ మాట క్లాసు ఒప్పుకునే రోజే యజమానితో అనేయాలి. మధ్యలో చెబితే మొండితనంలా కనిపిస్తుంది.

మెయిల్స్ మీరు రాసిపెడితే, మీరు వెళ్ళిపోయాక రాసేది ఎవరు? పక్కన కూర్చోండి, వాళ్ళ చేత రాయించండి, పంపే ముందు చూడండి. బేరంలో ఉన్న ధరలు, కొనుగోలుదారుల పేర్లు మీ కంట పడతాయి. వాటిని ఇంట్లో కూడా అనకండి. ఒకే ఊళ్ళో పది కంపెనీలుంటాయి, ఇవాళ ఇక్కడ చెప్పిన టీచరే రేపు పక్క కంపెనీకి వెళతారు. నా నోటు పుస్తకాల్లో ఇప్పటికీ కంపెనీల పేర్లుండవు.

ప్రశ్న: బిజినెస్ ఇంగ్లీషు చెప్పడానికి ఏ సర్టిఫికెట్ ఉండాలి? — ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇదే ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టా పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పడం నేర్పే కోర్సు, నిజంగా క్లాసు చెప్పించి చూస్తారు కాబట్టి మంచిది, ఖర్చు మాత్రం ఎక్కువే. మనకి దగ్గర్లో హైదరాబాదులో ఇంగ్లీషు అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసమే పెట్టిన సంస్థ అది. నేర్చుకునేవాళ్ళ కోసమైతే కేంబ్రిడ్జ్ బిజినెస్ పరీక్షలు మూడు మెట్లుగా ఉన్నాయి: ప్రిలిమినరీ, వాంటేజ్, హయ్యర్. యూరప్ వాళ్ళ కొలతలో బి1, బి2, సి1 అన్నమాట. మీరు వాటి పాత ప్రశ్నపత్రాలు చూడండి, ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ తేడా కంటికి కనబడుతుంది.

వీటితో పాటు ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ లాంటి మాటలు కూడా తెలుసుకోండి. ఇవి ఇన్‌కోటెర్మ్స్ అనే నియమాల్లోవి. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదలుపెట్టింది, ఇప్పుడున్నది 2020 కూర్పు. 'ఎఫ్‌ఓబీ చెన్నై' అంటే చెన్నైలో సరుకు ఓడెక్కేదాకా అమ్మేవాడి బాధ్యత. 'సీఐఎఫ్' అంటే అవతలి రేవుదాకా కిరాయి, బీమా అమ్మేవాడే కడతాడు, కానీ నష్టభయం మాత్రం ఓడెక్కగానే కొనేవాడికి మారిపోతుంది. ఈ ఆఖరి ముక్క పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా తప్పు చెప్పగా విన్నాను. మీరు నేర్పే వాక్యాల్లో ఈ మాటలొస్తాయి, అర్థం తెలియకుండా ఉచ్చారణ మాత్రం నేర్పడం నాకు సరికాదనిపిస్తుంది.

ప్రశ్న: నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. క్వారీలో సూపర్‌వైజర్ని. ఇంగ్లీషు నేర్చుకుందామని రెండు చోట్ల డబ్బు కట్టి మోసపోయాను. 'ముప్పై రోజుల్లో ఫ్లూయెంట్' అన్నారు. మంచి టీచర్ని ఎలా గుర్తుపట్టాలి? — ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: అన్నా, మోసం చేసింది వాళ్ళు, మీరు సిగ్గుపడొద్దు. పదో తరగతి అడ్డం కాదు. నాకు బీటని పట్టడం నేర్పిన సూపర్‌వైజరు ఎనిమిదో తరగతితో ఆగిపోయిన మనిషి. రెండేళ్ళకి ఆయన ఇటలీ వాళ్ళతో తనే మాట్లాడి, చెడిపోయిన ఒక లాట్ గురించి సర్దుబాటు చేశాడు. గొప్ప ఇంగ్లీషేమీ కాదు. చిన్న చిన్న వాక్యాలు, ప్రతి వాక్యమూ నిజం.

డబ్బు కట్టే ముందు ఒక్క క్లాసు చూస్తానని అడగండి. వెనక కూర్చుని, గంటలో టీచర్ ఎంతసేపు మాట్లాడారు, నేర్చుకునేవాళ్ళు ఎంతసేపు మాట్లాడారు చూడండి. టీచరే ముప్పావు గంట మాట్లాడితే అక్కడ ప్రాక్టీసు చేస్తున్నది టీచరే. ఎవరైనా తప్పు అన్నప్పుడు మిగతావాళ్ళు నవ్వితే, ఆ నవ్వుని టీచర్ ఏం చేశారో చూడండి. నాకైతే అది ఒక్కటి చూస్తే చాలు.

మీ ఫోనులో ఉన్న పని మెసేజ్‌లు ఓ రెండు మూడు, మీరు రోజూ నింపే లోడింగ్ కాగితం ఒకటి వెంట తీసుకెళ్ళండి. టీచర్ వాటిని చూసి 'ఇదేమిటి, ఇదెందుకు ఇలా రాస్తారు' అని అడగడం మొదలుపెడితే అక్కడ చేరండి. పక్కన పెట్టి మొదటి పాఠం తెరిస్తే, నమస్కారం పెట్టి వచ్చేయండి.